ఆంగ్లేయుల వాడుకమాటలలో మన సొమ్మెంత?

ఇంగ్లీషువారు 'స్లాంగు' అని వ్యవహరించు మాటలకు తెలుగున సరియైన పేరు లేదు. 'గ్రామ్యము' అందమన్న, అది వ్యాకరణమునకు లొంగని రూపమని మన లాక్షణికుల భావము. స్లాంగునకు వ్యాకరణముతో తగవు లేదు. 'యాస' అందమన్న, అది ఉచ్చారణమునకు సంబంధించినది. స్లాంగు పటాలములో, ఓడరేవులో, విద్యార్థుల వసతిగృహములో, పోలీసుఠాణాలో పుట్టును. ఒక గుంపువారు తమలో తాము నవ్వుకొనుటకో, తిట్టుకొనుటకో, పైవానికి తెలియకుండ మాటలాడుకొనుటకో దానిని కల్పించుకొందురు. పిదప అది గుంపు దాటి లోకమున పడును. పండితుడు దానిని గుర్తించునప్పటికి పుట్టించినవారు గతించియుందురు. కావున దాని పుట్టుపూర్వములు చెప్పబూనువాడు ఊహకును సాక్ష్యమునకును నడుమ నున్న సన్నని గట్టుపై నడవవలసియుండును. జారిపడినవారే పెక్కురు. ఈ వ్యాసమున స్లాంగును 'వాడుకమాట' అనియే వ్యవహరింతును.

ఈ విషయమును కోరాపుట్, రాయగడ ప్రాంతముల తెలుగువారి యెదుట చర్చించుటకు తగిన కారణము కలదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు జయపురము సంస్థానము చెన్నపురి రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో నుండెను. 1863లో దొరతనమువారు జయపురమున తమ ఉద్యోగిని నిలిపిరి. అచటి జ్వరములకు తాళలేక 1870లో కచ్చేరీని కోరాపుట్ గుట్టలపైకి మార్చిరి. ఆ కొండలెక్కిన దొరలు చెన్నపట్టణపు కొలువువారు. వారి నోటికి పట్టుబడిన దేశీయపదములలో తెలుగు పాలు గలదు. వారి మాటలు మన నోట పడి మరియొక రూపము దాల్చినవి. ఇచ్చిపుచ్చుకొన్న ఈ లెక్కను సరిచూచుకొనుటకు మనకంటె తగినవారు లేరు. కాని ఈ లెక్క చూచునప్పుడు మనవారు జమకట్టునంత ఉత్సాహముతో ఖర్చు వ్రాయరు. నా ఫిర్యాదు అదియే.

ఆ దొరలను వారి స్వజనమే ఏమని పిలిచెడిదో మొదట చెప్పుదును. మూడు రాజధానుల ఇంగ్లీషు ఉద్యోగులకు మూడు ఎకసక్కెపు పేర్లుండెడివి. వంగదేశమువారు 'క్వైహై'లు, అనగా 'కోయీ హై' అని కూర్చున్నచోటినుండి నౌకరును కేకవేయువారు. బొంబాయివారు 'డక్కు'లు, బొంబాయి డక్కు అను ఎండుచేపను బట్టి వచ్చిన పేరు. చెన్నపురివారు 'మల్లు'లు. మిళగుతణ్ణీరు అను అరవమాట ఇంగ్లీషు భోజనపుబల్లపై 'మలిగటాని'గా మారినది. దాని తలను ముక్కగా నరికి చెన్నపురి ఉద్యోగికి తగిలించిరి. కోరాపుట్ బంగళాలో కూర్చుండి కొండదొరలను గడగడలాడించిన అధికారి, కలకత్తాలోని తన సాటివానికి మిరియాలచారు మాత్రమే!

ఇట్టి మాటలకు నేటికిని ప్రమాణగ్రంథము 'హాబ్సన్-జాబ్సన్'. కర్నలు హెన్రీ యూలు, ఆర్థరు బర్నెలు అను ఇరువురు కూర్చిన ఈ కోశము 1886లో వెలువడెను. బర్నెలు చెన్నపురి సివిలు సర్వీసువాడు, సంస్కృత విద్వాంసుడు, తంజావూరున జడ్జిగా నుండినవాడు. గ్రంథము అచ్చుపడుటకు నాలుగేండ్ల ముందు, 1882లో, కాలధర్మము చెందెను. విలియము క్రూకు సంస్కరించిన రెండవకూర్పు 1903లో వచ్చెను. గ్రంథనామమే ఒక వాడుకమాట. మొహర్రమునాడు 'యా హసన్, యా హుసేన్' అను ఆక్రందనమును విని ఇంగ్లీషు సోల్జర్లు దానిని తమకు తెలిసిన ఇంటిపేర్లుగా మార్చి 'హాబ్సన్ జాబ్సన్' అనిరి.

తెలియని ధ్వనికి తెలిసిన తొడుగు తొడుగు ఈ పద్ధతికి భాషాశాస్త్రజ్ఞులు ఆ పుస్తకము పేరే పెట్టినారు. అయితే ఇది తెల్లవారి నోటి లోపమని మనము నవ్వుకొనుటకు వీలులేదు. కావలి సోల్జరు 'హూ కమ్స్ దేర్' అని గద్దించుట విని మన సిపాయి 'హుకుందార్' అనెను. హుకుము అతనికి తెలిసినమాట. 'దారు' జమీందారులో, సుబేదారులో విన్నదే. లార్డు లాటుసాహేబైనాడు, కంపెనీ కుంపిణీయైనది, హాస్పిటలు ఆసుపత్రియైనది. హుకుందారుకును హాబ్సన్ జాబ్సనుకును ఇసుమంతయు భేదము లేదు.

ఇక తెలుగు సొమ్ము. ఇందు నిర్వివాదముగా మనదైనది పందికొక్కు. 'బాండికూటు' అను ఇంగ్లీషు పదము పందికొక్కు యొక్క వికృతియే యని హాబ్సన్-జాబ్సన్ మొదలు ఆక్స్ఫర్డు నిఘంటువువరకు అందరును అంగీకరించిరి. పందివలె గుర్రుమను ఎలుక గనుక ఆ పేరు సార్థకము. 1873లో గ్రే అను జంతుశాస్త్రజ్ఞుడు ఆ జాతికి 'బాండికోటా' అని శాస్త్రనామము పెట్టెను. అంతటితో కథ ముగిసిన ఇది వాడుకమాటల వ్యాసమున చేరదు. 1799లో జార్జి బాస్ అను నావికుడు ఆస్ట్రేలియాలో పొడుగుముట్టె గల ఒక చిన్న సంచిజంతువును బాండికూటుగా పేర్కొనెను. దానికిని మన కొక్కునకును చుట్టరికము లేదు; ఒకటి కంగారు తెగది, రెండవది ఎలుక తెగది. ఆ పేరు అచటనే స్థిరపడి, ఆ దేశపు జనుల నోట రెండు వాడుకలను కన్నది. దిక్కుమాలినవానిని 'బాండికూటువలె దీనుడు' అందురు. కాలిన గుట్టపై నిలిచిన బాండికూటు అని మరికొంత పెంచి చెప్పువారును కలరు. రెండవది క్రియ. పొలములోని ఉర్లగడ్డ మొక్కను పైకి కదలనీయక, ఆకులు పచ్చగా నిలిచియుండగనే, క్రిందినుండి దుంపలను దొంగిలించుటకు 'బాండికూటుచేయుట' యని పేరు. యజమాని చేను చూచి మురిసిపోవుచుండును. మట్టిలో ఏమియు నుండదు.

పందికొక్కు తెలుగున తిండిపోతునకు, లంచగొండికి గుర్తు. పరుల సొమ్మును పందికొక్కువలె మెక్కినాడందుము. సముద్రము దాటిన తరువాత అదే మాట ఒకచోట దైన్యమునకు గుర్తైనది, మరియొకచోట దొంగతనమునకు గుర్తై మన అర్థమునకు దగ్గరగా వచ్చినది. తెలుగు రైతు ఎవడును అచటికి పోయి ఈ ఉపమానమును నేర్పలేదు. జంతువు స్వభావమే ఇరుచోట్ల నేర్పినది. 1996లో వెలువడిన 'క్రాష్ బాండికూట్' అను వీడియో ఆటను ఎరిగిన మన పిల్లలు, ఆ పేరు తమ తాతగారి గాదెక్రింద పుట్టినదని ఎరుగరు. చెప్పిచూడుడు, నమ్మరు.

పక్షిశాస్త్రమున 'పిట్టా' యని ఒక జాతిపక్షికి గల పేరు మన పిట్టయే. ఏ పిట్టయనక కేవలము పిట్టయనుటయే అందలి వింత. చెన్నపురి దొరలు ఎడ్లబండిని, గుర్రపుబండిని కూడ 'బాండీ' అనిరి. వంగదేశమున ఈ మాట తెలియదని హాబ్సన్-జాబ్సన్ చెప్పుచున్నది. ఆ కోశమున 'దొర' శబ్దము కూడ కలదు. సాహేబు అను మాటకు దక్షిణదేశమున సమానార్థకముగా వాడిరి. మదపొల్లము అను సన్నని నూలుబట్ట పేరు నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమునుండి వచ్చినది. ఇవి వాడుకమాటలు గావు, వర్తకపు మాటలు; ఇంతటితో విడిచెదను.

'గోడౌను' విషయమున జాగ్రత్త అవసరము. మన గిడ్డంగియే గోడౌనైనదని వేదికలపై తరచుగా వినుచుందుము. నిఘంటుకారులు చెప్పునది వేరు. ఇంగ్లీషువారు దీనిని మలయాభాషలోని 'గుడాంగు' నుండి, బహుశః పోర్చుగీసువారి ద్వారమున గ్రహించిరి. ఆ మలయాపదమే తూర్పుతీరమునుండి ఓడలపై పోయియుండవచ్చునని, తెలుగు గిడ్డంగి, అరవ కిడంగు దానికి మూలములు కావచ్చునని ఊహ. అనగా మనకు హక్కు లేకపోలేదు, కాని అది తాతముత్తాతలనాటి వాటా, అందును అరవవారు సహభాగస్వాములు. కొందరు ఇంగ్లీషువారు క్రిందికి దిగిపోవు గది గనుక 'గో-డౌను' అని సంతోషించిరి. వారి కల్పనను మనము పరిహసింతుము. మనది ఎంత బలమైనదో చూచుకొనము.

ఈ చపలతకు పరాకాష్ఠ దమ్మిడీ కథ. కొన్నియేండ్ల క్రిందట ఒక సాహిత్యసభలో ఒక మిత్రుడు, ఇంగ్లీషువారు 'ఐ డోంట్ కేర్ ఎ డ్యామ్' అనునది మన దామునాణెమును బట్టియేనని ఉత్సాహముగా చెప్పగా సభయంతయు చప్పట్లు చరచినది. నేనును చరచితిని. ఇంటికి వచ్చి వెదకగా ఆ ఊహ ఆయనది కాదని తెలిసినది. హాబ్సన్-జాబ్సన్ కర్తలు స్వయముగా చేసిన ఊహ అది. అక్బరు కాలమున రూపాయికి నలువది దాములు. 'దమ్డీ కూడ ఈయను' అని హిందూదేశమున నివసించు ఇంగ్లీషువారు అనుచుండగా తాము వింటిమని, స్వదేశపు 'డ్యామ్' కూడ ఆ నాణెమే కావచ్చునని, అట్లైన ఆ మాటయందు తిట్టు లేనేలేదని వారు వ్రాసిరి. మర్యాదస్థులకు ఇది ఎంత అనుకూలమైన వ్యుత్పత్తి! తిట్టి, తిట్టలేదని నిరూపించుకొనవచ్చును.

తెలుగువానికి ఇది మరింత రుచించును. దమ్మిడీకి కొరగాడు, దమ్మిడీ ఆదాయము లేదు అని మనము నిత్యమును అందుము. అర్థము అచ్చముగా సరిపోయినది, ధ్వనియు సరిపోయినది. కాని వ్యుత్పత్తికి అర్థము, ధ్వని సరిపోవుట చాలదు. నడచివచ్చిన దారి కనబడవలెను. ఇంగ్లీషున శపించుటకు 'డ్యామ్' అను క్రియ మధ్యయుగమునుండియు ఉన్నది. చివర ఒక నకారము కూడ వ్రాయుదురు. గోల్డుస్మిత్తు రచించి 1762లో పుస్తకరూపమున వెలువరించిన లేఖలలోనే 'మూడు డ్యాములంత కూడ లెక్కచేయను' అను ధోరణి కలదు, అదియు తిట్టుగానే వ్రాయబడినది. 'శాపమంత కూడ లెక్కచేయను' అను ఇంకొక వాడుక ఆ భాషలోనే దానికి తోడుగా నున్నది. నాణెమును ఉద్దేశించి ఆ మాట వాడిన పాతవ్రాత ఒక్కటియు దొరకలేదు. ఆక్స్ఫర్డు నిఘంటువు ఈ ఊహను చమత్కారమైనదే గాని ఆధారము లేనిదని త్రోసివేసినది. యూలు, బర్నెలు మహావిద్వాంసులు; వారి గ్రంథములో ఊహ ఊహగానే యున్నది. దానిని సిద్ధాంతముగా మార్చినవారు తరువాతివారు. చప్పట్లు చరచినవాడను గనుక నన్నును అందు చేర్చుకొనుచున్నాను.

చిన్న పొరపాటునకు ఇంత గోల ఎందులకని అడుగవచ్చును. ఒడిశాలో మనము స్వల్పసంఖ్యాకులము. మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుచు తెలుగును ఇంటిలో విని నేర్చుకొనుచున్నారు. వారికి తెలుగుపై గౌరవము కలుగవలెనని పెద్దలు 'అదియు మనదే, ఇదియు మనదే' యని చెప్పుదురు. చెప్పినదానిలో ఒకటి అబద్ధమని పిల్లవాడు కనుగొన్ననాడు, నిజమైన పందికొక్కును కూడ నమ్మడు.

ఖర్చు వ్రాయవలసిన పద్దు ఒకటి చూతము. మనము అచ్చతెలుగువలె వాడు 'టిఫిను' ఇంగ్లీషువారి పాత వాడుకమాట. 'టిఫ్' అనగా ఒక గ్రుక్కెడు మద్యము. 'టిఫింగు' అనగా వేళగాని వేళ తినుట, త్రాగుట. 1785లో ఫ్రాన్సిస్ గ్రోసు ప్రకటించిన మోటుమాటల నిఘంటువున ఇది కలదు. ఆ మాట ఇంగ్లండున కాలక్రమమున కనుమరుగైనది. ఇచట దొరల మధ్యాహ్నభోజనమునకు పేరై, పిదప మన ఇడ్డెనలకు, ఉప్మాకు పేరైనది. కల్లుపాకలో పుట్టినమాట మడికట్టుకొన్న ముత్తైదువ నోటికి ఎక్కినది! ఏకాదశినాడు 'అన్నము తినను, టిఫిను తిందును' అను నిష్ఠాపరులకు ఈ వ్యుత్పత్తి చెప్పుటకు నాకు ధైర్యము చాలలేదు.

సోల్జర్ల మాటలలో తెలుగు పాలు తక్కువ. వారు హిందూస్తానీ విని నేర్చినవారు. కాని ఆ మాటలు మనకు అపరిచితములు గావు. వంటపాత్రను వారు 'డిక్సీ' యనిరి, మనము డేక్సా యందుము. రెండును పారసీక దేగ్చా యింటి బిడ్డలే. సుఖమైన కొలువు 'కుషీ', మన ఖుషీయే. నాసికము చెంత దేవలాలిలో సీమకు పోవు ఓడకై సోల్జర్లు నెలలతరబడి పడియుండెడివారు. పనిలేక, ఎండకు, జ్వరమునకు మతిచలించినవానిని 'డూలాలీ తాపు' పట్టినదనిరి. తాపు మన తాపమే. ఇంగ్లండున నేటికిని పిచ్చివానిని డూలాలీ యనువారు కలరు. అది ఒక ఊరిపేరని వారిలో ఎందరికి తెలియునో!

వీటన్నిటిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది 'బ్లైటీ'. అరబ్బీ 'విలాయత్' అనగా రాజ్యము, దేశము. విలాయతీ యనగా పరదేశపుది, ముఖ్యముగా ఇంగ్లండుది. ఉత్తరదేశపు నౌకర్లు సోడానీటిని బిలాయతీ పానీ యనిరి, టమాటాను బిలాయతీ బైంగన్ అనిరి. ఇంగ్లీషు సోల్జరు ఆ మాటను గ్రహించి, బ్లైటీ యని మార్చి, తన యింటికే పేరుగా పెట్టుకొనెను. మొదటి ప్రపంచయుద్ధమున, చంపకుండ ఇంటికి పంపునంత గాయమును 'బ్లైటీ గాయము' అనిరి. చిత్రము చూడుడు: పరాయివాడు తనను పరదేశి యన్న మాటనే ఆ సోల్జరు స్వదేశమునకు ముద్దుపేరుగా చేసికొనెను.

తెలుగున దీనికి సాటి 'సీమ'. సీమ యనగా ఎల్ల, దేశభాగము. రాయలసీమ, కోనసీమ అందుచేతనే. తెల్లదొరలు వచ్చిన పిదప ఏ విశేషణమును లేని సీమ ఇంగ్లండైనది. దొర సీమకు పోయెను, సీమనుండి వచ్చెను. సీమసున్నము, సీమవంకాయ, సీమచింత. సీమచింతకు ఇంగ్లండుతో సంబంధము లేదు. అది మెక్సికో వైపునుండి వచ్చిన చెట్టు. క్రొత్తగా కనబడినదెల్ల సీమదే! బిలాయతీ చేసిన పనినంతయు సీమ చేసినది, ఒక్కటి తక్కువ: ఏ సోల్జరును దానిని తన నోట వేసికొని యింటికి తీసికొనిపోలేదు.

మాటలు కొన్ని నవ్వించును, కొన్ని గాయపరచును. పోర్చుగీసువారు హిందువులను 'జెంటియో', అనగా అన్యమతస్థులు, అనిరి. అది ఇంగ్లీషున 'జెంటూ' అయినది. 1776లో హాల్‌హెడ్డు ప్రకటించిన జెంటూ ధర్మశాస్త్రమున ఆ మాట హిందువులందరికి వర్తించును. చెన్నపట్టణమున మాత్రము అరవవారినుండి వేరుపరచుటకు తెలుగువానికి, తెలుగుభాషకు ప్రత్యేకముగా జెంటూ యని పేరు పడినది. 1816లో క్యాంబెలు తన తెలుగువ్యాకరణమునకు పేరుపెట్టుచు, సామాన్యముగా జెంటూ యనబడు భాష యని చేర్చవలసివచ్చెను. మరుసటియేట విలియము బ్రౌను తన పుస్తకమునకు జెంటూ వ్యాకరణమనియే పేరిడెను. సముద్రము దాటిన తెలుగువారిని బర్మాలో కోరంగి రేవును బట్టి కోరంగీలనిరి. మలయాలో కళింగమును బట్టి క్లింగులనిరి. ఈ కడపటిది నేడు అచటివారికి తిట్టు. కళింగమను ఘనమైన పేరు కూలివాని వీపుపై పడి తిట్టుగా మారినది. దక్షిణార్ధగోళమున నివసించు ఒక పెంగ్విను పక్షికిని జెంటూ యని పేరు. దాని తలపైని తెల్లపట్టీని తలపాగాగా భావించి పెట్టిరని కొందరి ఊహ. దీనిని నేను సిద్ధాంతమనను. దమ్మిడీ నేర్పిన బుద్ధి ఇది.

మనము నివసించు ఒడిశాకు తగిలిన గాయము ఇంతకంటె పెద్దది. జగన్నాథస్వామి పేరు ఇంగ్లీషున 'జగ్గర్‌నాట్' అయి, ఎదురువచ్చినవారిని నలిపివేయు కర్కశశక్తికి పేరైనది. 1960 తరువాత ఇంగ్లండున రాక్షసాకారపు లారీలను కూడ ఆ పేరుతో పిలిచిరి. పదునాలుగవ శతాబ్దపు ఓడొరిక్ అను సన్యాసి మొదలుకొని పాశ్చాత్యులు, భక్తులు రథచక్రముల క్రిందపడి చత్తురని వ్రాసిరి. క్లాడియసు బుకానను అను పాదిరి 1806లో పూరీని చూచి వ్రాసిన వర్ణనము దానిని ఇంగ్లండంతట చాటినది. కాని 1825లో ప్రకటితమైన స్టిర్లింగుగారి ఒడిశా వృత్తాంతమున, తాను నాలుగేండ్లు రథోత్సవమును చూడగా అట్టి మరణములు మూడే జరిగినవని, అందొకటి ప్రమాదము కావచ్చునని, తక్కినవారు తీరని రోగబాధచే ప్రాణములు విడిచినవారని స్పష్టముగా నున్నది. ఇంగ్లీషు ఉద్యోగియే ఇచ్చిన సాక్ష్యమిది. సాక్ష్యము గ్రంథాలయములో మిగిలినది. మాట లోకమున తిరుగుచున్నది. మన ఇంటిముంగిట రథమును లాగి, మరునాడు పత్రికలో 'జగ్గర్‌నాట్' అని మనమే వ్రాయుట నాకు కొరుకుడుపడదు.

హాబ్సన్-జాబ్సన్‌పై నాకు గల ప్రధానాక్షేపణ వ్యుత్పత్తుల విషయమున కాదు. ఆ గ్రంథపు చూపు రేవుపట్టణములపై, కుంపిణీ ఉత్తరములపై, యాత్రికుల పుస్తకములపై, భోజనపుబల్లపై నిలిచినది. ఇంగ్లీషు నోటిలో మన మాట ఏమైనదో చెప్పుటయే దాని పని. మన నోటిలో ఇంగ్లీషుమాట ఏమైనదో దానికి అక్కరలేదు. ఆ రెండవపనిని చార్లెసు ఫిలిప్పు బ్రౌను ముందే కొంత చేసెను. 1852లో కచ్చేరీ వ్యవహారపు మాటలకు జిల్లా నిఘంటువును, 1854లో తెలుగున కలిసిన అన్యదేశ్యములకు మిశ్రభాషానిఘంటువును ప్రకటించెను. ఆ పనిని కొండలలో కొనసాగించినవారు అరుదు. పర్లాకిమిడిలో నివసించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరలకడ కూర్చుండి వారి నోటిమాటను గౌరవముతో వ్రాసికొని, 1931లో సవరభాషకు వ్యాకరణమును, పిదప నిఘంటువును వెలువరించిరి. ఆ సవరలు మన గుణుపురమువారే. పంతులుగారు చూపిన ఆ ఓపికలో నాలుగవపాలు మనము మన కొండప్రాంతపు తెలుగుపై చూపినను ఎన్ని మాటలు దొరకునో తెలియుటకు రెండు ఉదాహరణములు చాలును.

మొదటిది 'ఏజెన్సీ'. 1830 ప్రాంతమున పర్లాకిమిడి, పాలకొండ, విశాఖపట్టణము సంస్థానములలో అల్లరులు చెలరేగగా, విచారణకు వచ్చిన రస్సెలు దొర సలహాపై 1839లో 24వ చట్టము పుట్టినది. దానినిబట్టి కొండప్రాంతములు సామాన్యన్యాయస్థానములకు వెలియై, కలెక్టరు గవర్నరునకు ఏజెంటుగా వాటిని పాలించెను. ఏజెంటు పాలించునది ఏజెన్సీ. ఇంగ్లీషున ఆ మాటకు కొండ యని గాని అడవి యని గాని అర్థము లేదు. తెలుగున మాత్రము ఏజెన్సీ యనగా కొండలు, చలిజ్వరము, చింతపండు, సంత. పార్వతీపురమువాడు 'ఏజెన్సీకి పోయినాడు' అనగా కొండెక్కినాడని అర్థము. చట్టము పోయినది, ఏజెంటు పోయినాడు, 1950 తరువాత రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు వచ్చినది, మాట పోలేదు. దానికిముందున్న మన్యము అను దేశ్యపదము 2022లో పార్వతీపురము మన్యము జిల్లా పేరున మరల కచ్చేరీ కెక్కినది.

రెండవది 'ఫితూరి'. అరబ్బీలో 'ఫుతూర్' అనగా లోపము, కలత. హిందూస్తానీలో అది ఫితూరై అల్లరి యను అర్థమునకు వచ్చినది. విశాఖ, గోదావరి మండలముల ఇంగ్లీషు ఉద్యోగులు కొండవారి తిరుగుబాటునకు తమ నివేదికలలో ఇంగ్లీషుమాట మాని ఫితూరి యనియే వ్రాసిరి. 1879లో మొదలైన రంపఫితూరి, మరుసటియేట తమ్మనదొర నాయకత్వమున మల్కన్‌గిరివరకు ప్రాకినది. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడపినదియు ప్రభుత్వపు కాగితములలో ఫితూరియే. తిరుగుబాటు అని వ్రాసిన కారణము చెప్పవలసియుండును. ఫితూరి యనిన అది కొండవారికి ఋతువువారీగా వచ్చు జ్వరమువలె తోచును. ముఠాదారుల హక్కులు, కల్లుపన్ను, అడవిచట్టములు, వెట్టి ఆ ఒక్కమాట చాటున దాగినవి.

మైదానపు తెలుగున ఆ మాట 'పితూరి'యై మరియొక మెట్టు దిగినది. ఒకనిపై పైవానికి చాడీ చెప్పుట పితూరి. కలెక్టరుకు పంపిన అర్జీలు, గుమాస్తాపై పోవు ఆకాశరామన్న ఉత్తరములు పితూరీలైనవి. తుపాకులు పట్టిన పటాలమును కొండపైకి రప్పించిన మాట, నేడు రాయగడ వీధిలో అన్నపై తమ్ముడు తల్లితో చెప్పు కొండెమునకు పేరు.